గోతిలో దొరికిన నది

ఉదయం ఐదు గంటల పది నిమిషాలకు పలాస స్టేషనులో మెయిలు ఆగింది. అది ముందురోజు సాయంత్రం రావలసిన బండి. ఆ రోజుల్లో రైలు ఆలస్యమైతే ఎవరూ విసుక్కునేవారు కాదు. వస్తే ఎక్కేవారు, రాకపోతే స్టేషను అరుగు మీద తుండు పరుచుకుని పడుకునేవారు. అది ఓపికకు విలువున్న కాలమని నేను అనను. వేరే దారి లేని కాలం, అంతే. ఆ ఐదూ పదిని ఇంత కచ్చితంగా ఎందుకు పట్టుకున్నానంటే, మా బావ దాన్ని జీవితమంతా నాలుగున్నర అని చెప్పేవాడు, నేను ఐదూ పది అని దిద్దేవాడిని. మొన్న మాఘమాసంలో బావ పోయాడు. ఇక దాన్ని నాలుగున్నర అనేవాళ్ళు లేరు. నా మాటే నెగ్గింది. కాని నెగ్గినట్టు లేదు.

బావ అంటే మా పెద్దక్క భర్త. నిమ్మాడ వాడు, నీటిపారుదల శాఖలో ఓవర్సీరు. నాకప్పుడు పందొమ్మిదేళ్ళు. చదువు మధ్యలో ఆగిపోయి, ఊళ్ళో ఖాళీగా తిరుగుతుంటే అక్క పోరు పడలేక నన్ను తన కింద పనిలోకి తీసుకున్నాడు. అప్పట్లో మాది గంజాం జిల్లా. పలాసకు పడమరగా, రెండు కొండల నడుమ నుంచి ఒక గెడ్డ, అంటే కొండవాగు, దిగుతుంది. అక్కడ ఆనకట్ట కట్టి, ఆ నీటిని కాలవ తవ్వి ఉద్దానం మెట్టలకు పంపవచ్చునా అని పైవాళ్ళకు ఆలోచన వచ్చింది. మాది జలంత్రకోట దగ్గర పల్లె. వేసవిలో మా అమ్మ ఇసకలో చెలమ తవ్వి, చిప్పతో నీరు తోడి, కుండ నింపడానికి ఒక పూట కూర్చునేది. కనుక ఆనకట్ట అనే మాట వింటే నా మనసు ఎటు మొగ్గుతుందో వేరే చెప్పక్కరలేదు. అయితే ఆ రెండు కొండల వెనక, గెడ్డ ఒడ్డున, ముప్పై గడపల వలస ఒకటి ఉంది; మా వైపు చిన్న పల్లెను అలాగే అంటారు. ఆనకట్ట లేస్తే వలస మునుగుతుంది. కొండల నడుమ నేల కింద గట్టి రాయి తగిలితే ఆనకట్ట లేస్తుంది. తగలకపోతే లేవదు. ఈ లెక్క వలసలో చంటిపిల్లలకు కూడా తెలుసు. మా గోతులు తవ్విన కూలీలు కూడా ఆ వలసవాళ్ళే. కూలి కోసం తమ ఊరు ఉంటుందో పోతుందో తామే తవ్వి చూసుకుంటున్నారు.

పరీక్ష గొయ్యి అంటే మనిషి పొడవు, మూడడుగుల వెడల్పు. అడుగున ఒకడు నిలబడి గునపం ఎత్తడానికి ఆ మాత్రం చోటు కావాలి. లోతు రాయి తగిలేదాకా. మట్టి ఎక్కడ మారిందో, గునపానికి పొడిగా రాలే పిప్పిరాయి ఎక్కడ మొదలైందో, గట్టిరాయి ఎన్ని అడుగుల కింద ఉందో రాసుకోవడం నా పని. ఆ పని నేను రాసుకోవడంతో ఆపేవాడిని కాదు. టెక్కలిలో ఒక పాదిరీగారి దగ్గర శిలల గురించిన పుస్తకం ఎరువు తెచ్చుకుని సగం చదివాను (మిగతా సగంలో లెక్కలున్నాయి). ఆ సగంతోనే కనిపించినవాడికల్లా భూగోళం ఎలా పుట్టిందో చెప్పేవాడిని. కూలీలు అంబలి తాగుతుంటే వాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళు ఆనుకున్న బండ వయసెంతో చెప్పేవాడిని. వాళ్ళు మర్యాదగా లేచి వేరే బండను ఆనుకునేవారు. బావ దూరం నుంచి చూసి, "ఒరే బామ్మర్దీ, ఆళ్ళని తాగనీరా. ఆ రాయి ఎక్కడికీ పోదు," అనేవాడు.

గోతులన్నీ చూసి తేల్చి చెప్పడానికి మద్రాసు నుంచి ఒక తెల్లదొర వస్తున్నాడు. జనం ఆయనకు ముందే 'రాళ్ళ దొర' అని పేరు పెట్టేశారు. ఆయన్ను దించుకోవడానికి బావా నేనూ ముందురోజు మధ్యాహ్నమే పలాస వెళ్ళిపోయాం. అప్పటికి కుడివైపు కొండ మొదట్లో తవ్వుతున్న ఆఖరి గొయ్యి ఇంకా మట్టిలోనే ఉంది. అన్నిటిలోకీ ముఖ్యమైన గొయ్యి అదే. ఎడమవైపు రాయి బయటికే కనిపిస్తోంది, గెడ్డ నడుమ కూడా రాయి తగిలింది. కుడిభుజం, అంటే ఆనకట్ట కుడికొస ఆనుకునే చోటు, ఏమంటుందో అదే తీర్పు. "పొద్దుగూకీలోపల రాయి తగిలీదాకా తవ్వీండి," అని కూలీలకు చెప్పి బావ బయల్దేరాడు. రైలు రాలేదు. రాత్రి పలాసలోనే ఉండిపోయాం. అలా ఆ గోతి అడుగు మా ఇద్దరిలో ఎవరమూ చూడలేదు.

దొర దిగాడు. నెరిసిన గడ్డం, బక్కపలచని మనిషి. రెండు రాత్రులు రైల్లో నిద్రలేక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆయన ఎవరో పండితుడి దగ్గర తెలుగు నేర్చుకున్నాడు. ఆ పండితుడు బతికినంతకాలం వాడుకమాట ఆడి ఉండడు. బావ వంగి సలాము చేసి, బంగళాలో స్నానానికి నీళ్ళు కాగుతున్నాయని చెబితే, దొర, "స్నానము పిమ్మట చేసెదను. ప్రథమమున శిలను చూపుడు," అన్నాడు. మా ఎద్దుబండివాడు ఎడ్లను కట్టడం ఆపేసి, పురాణం వింటున్నట్టు చేతులు కట్టుకున్నాడు.

ఏ దొరైనా ముందు స్నానం చేసి, ఫలహారం చేసి, ఎండెక్కాక వస్తాడని కూలీలు ఇళ్ళ దగ్గర నింపాదిగా ఉన్నారు. మేం వెళ్ళేసరికి గోతుల దగ్గర ఎవరూ లేరు. దొర తిన్నగా కుడిభుజం గోతికి వెళ్ళి, నిచ్చెన దిగాడు. కాసేపు టోపీ మాత్రం కనిపించింది. తరవాత గుప్పెడు ఇసకతో, నాలుగు గులకరాళ్ళతో చెయ్యి పైకి వచ్చింది.

"ఓవర్సీరూ, చూడుము! ఇవి నీటిలో దొర్లి నునుపెక్కిన రాళ్ళు. ఇచ్చట పూర్వకాలమున ఒక నది ప్రవహించియుండెను!"

మేం తొంగి చూశాం. నిజమే. గోతి అడుగంతా తేటయిసక, తడిగా, గట్టిగా అణిగి ఉంది. గెడ్డకు అంత ఎత్తున, కొండ మొదట్లో, గెడ్డ ఇసక. దొర నెమ్మదిగా వివరించాడు: గెడ్డ ఒకనాడు ఇటు పారి, తరవాత తోవ మార్చుకుంది; పాత తోవ మట్టి కింద దాగిపోయింది; ఇక్కడ ఆనకట్ట కడితే నీరు ఆ పాత తోవ పట్టుకుని కిందనుంచి జారిపోతుంది; ఈ చోటు పనికిరాదు. ఆ తరవాత ఒక మాట కలిపాడు. "అయినను ఇసుక యెంత లోతున్నదో చూడవలెను." ఆ మాట నేను వినలేదు. విన్నానేమో, పట్టించుకోలేదు. పుస్తకంలో నేను చదివిన సగంలో సరిగ్గా ఈ సంగతి ఉంది.

ఈలోగా దొర వచ్చాడని తెలిసి వలసవాళ్ళు ఒక్కొక్కరే చేరారు. ముందుగా వచ్చినవాడు ఊరి పెద్ద. అందరూ నాయుడు మావ అనేవారు. నేను ఆయనకు జరిగింది చెప్పాను.

"అయితే బాబూ, ఆనకట్ట కట్టరేటి?"

"ఎలా కడతారు మావా? కింద పాత నది ఉంది."

ఆయన తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. నేను మాత్రం ఆగలేదు. ఒక కర్ర తీసుకుని కొండవాలున నడుస్తూ ఆ నది ఎక్కడ పుట్టిందో, ఏ తుప్ప దగ్గర మలుపు తిరిగిందో, ఎక్కడ లోతో, ఎక్కడ రేవో చూపించాను. జనం నా వెనకే నడిచారు. ఒక మలుపు దగ్గర పూర్వం మునులు స్నానం చేసి ఉండవచ్చునన్నాను. (ఇది పుస్తకంలో లేదు.) ఒకావిడ, "ఓలమ్మ, మా పొలం కింద నదుందంటే! మరి మా నుయ్యి ఎందుకు ఎండిపోనాది?" అంది. దానికి కూడా జవాబు చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు. బావ గట్టు మీద కూర్చుని చుట్ట వెలిగించి, "పేరు కూడా పెట్టీరా ఆ నదికి. పుస్కరాలు ఎప్పుడో అదీ సెప్పీ," అన్నాడు.

అప్పుడు నలుగురు కూలీలు గబగబా వచ్చి, దొర గోతిలో ఉండటం చూసి నిలబడిపోయారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకడు నోరు తెరవబోతే నాయుడు మావ వాడి భుజం మీద చెయ్యి వేశాడు. వాడు నోరు మూశాడు. నేను ఇదంతా చూశాను. నది దొరికిందని వాళ్ళు నిశ్చేష్టులయ్యారనుకున్నాను.

వాళ్ళ వెనక పెద్దమ్మ వచ్చింది. ఆవిడకు ఆ వలసలో అసలు పేరు వాడకం పోయి చాలా కాలమైంది, అందరికీ పెద్దమ్మే. చేతిలో ఖాళీ తట్ట ఉంది. గోతిలో టోపీ చూసింది. తట్ట కింద పడేసింది.

"ఓరి నాయనో! బాబూ, ఎక్కీ! ఎక్కీ పైకి! దాని మీద నిల్సున్నావేటి!"

"పెద్దమ్మా, ఒల్లకో," అని నోరు మూయించబోయాడు నాయుడు మావ.

"ఒల్లకోడమేటి? గోతికి ఇచ్చిన పడక మీద బతికున్న మనిసి నిల్సుంటే ఒల్లకోమంతావేటి?"

"ఒల్లకోయే! దొర అది నదంతన్నాడు. నదుంటే ఊరుంటాది. నువ్వు నోరు తెరిత్తే రెండూ పోతాయి."

ఆవిడకు విషయం అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. వలసవైపు ఒకసారి చూసింది. తరవాత గోతివైపు చూసింది.

"ఊరు పోతే ఇంకోసోట కట్టుకుంతాం," అంది. "ఈ బాబు పోతే ఆళ్ళమ్మకి ఎవులు తెచ్చిత్తారు? నువ్వు తెత్తావేటి?"

(దొరకు అప్పటికే గడ్డం నెరిసింది. ఆయన తల్లి ఉందో లేదో మాలో ఎవరికీ తెలియదు.)

గోతిలోంచి, "అవ్వా, నీ వచనము నాకు బోధపడలేదు," అని వినిపించింది. ఆవిడకూ ఆయన వచనం బోధపడలేదు. నావైపు తిరిగి, "ఒరే గుంటడా, నువ్వు దిగు. దిగి తియ్యి. బాబు సూత్తాడు," అంది. దొర పైకి వచ్చాడు, నేను దిగాను. మోచెయ్యి లోతున ఇసకలో చెయ్యి పెట్టాను. మెత్తగా, చల్లగా ఏదో తగిలింది. లాగితే వచ్చింది. నిలువెత్తు అరటి బోదె. దానికి వెలిసిపోయిన పాత చీరముక్క చుట్టి, నడుం దగ్గర ముడివేసి ఉంది. కొంతసేపటి క్రితం మునులు స్నానం చేసిన నదిలోంచి దాన్ని భుజానికి ఎత్తుకుని నేను నిచ్చెన ఎక్కాను. ఇప్పటికీ ఆ సమయంలో నా మొహం ఎలా ఉందో ఊహించడానికి ఇష్టపడను. బావ ఊహించి, నటించి, పాతికేళ్ళు పెళ్ళిళ్ళలో చూపించాడు.

ఆవిడ చెప్పింది బావ దొరకు విడమరిచాడు. ఆ వలసలో చనిపోయినవాళ్ళను పూడుస్తారు. మనిషి పొడవున తవ్విన గొయ్యి పొద్దుగూకాక ఖాళీగా ఉంటే అది మనిషిని అడుగుతుందని వాళ్ళ నమ్మకం. తవ్వినవాడినో, తవ్వించినవాడినో. అందుకని అరటి బోదెకు గుడ్డ కట్టి అందులో పడుకోబెట్టి, పారే నీటి అడుగునుంచి తెచ్చిన ఇసక కప్పి, నీళ్ళు చిలకరించి, తొక్కి వెళతారు. గొయ్యి తనకు ఇచ్చారనుకుని ఊరుకుంటుంది. తెల్లవారి మళ్ళీ తీసి, ఇసకను గెడ్డలో కలిపేస్తారు. మేం పనిలోకి వచ్చేసరికి గొయ్యి మేం వదిలినట్టే ఉండేది కనుక మాకు తెలియలేదు. మొదటి గొయ్యి తవ్విన రోజు నుంచీ, ప్రతి గోతికీ, ప్రతి సాయంత్రం చేస్తున్నారు. తమ ఊరు ముంచడానికి వచ్చిన బావ కోసం, నా కోసం చేస్తున్నారు. చీరలు పెద్దమ్మవి.

దొర ఆ బోదెను చాలాసేపు చూశాడు. "అవ్వా, నేను వేల సంవత్సరముల నాటి నది యని తలంచితిని. ఇది నిన్నటి సాయంకాలపు నది," అని నవ్వాడు. బావ కూడా నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదని గమనించి ఇద్దరూ ఆపేశారు.

ఇసక అంతా తీయించాడు. అడుగున నల్లని రాయి కనిపించింది. దొర సుత్తి తీసుకుని దిగి, ఒక మూల కొట్టాడు. గుల్లరాయి అయితే చప్పుడు అక్కడే చచ్చిపోతుంది. ఇది గుడిగంటలా మోగింది. నడుమ కొట్టాడు, మోగింది. నాలుగో మూల కొట్టేసరికి నాయుడు మావ నేల మీద కూర్చున్నాడు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే ఇళ్ళవైపు వెళ్ళిపోయారు. నేను ఆ రాయికి పుస్తకంలో ఉన్న పేరు తెలిసి కూడా చెప్పలేదు. ఆ ఉద్యోగంలో నేను చేసిన మొదటి తెలివైన పని అదే అనుకుంటాను.

దొర పైకి వచ్చి, చేతులు కడుక్కుని, పెద్దమ్మ ఎదుట నిలబడ్డాడు. "నీవు మౌనము వహించియుండినచో నేను ఈ చోటు పనికిరాదని వ్రాసియుందునేమో. మీ గ్రామము నిలిచియుండెడిది. ఏల చెప్పితివి?"

బావ దాన్ని మా మాటలోకి మార్చి అడిగాడు. ఆవిడకు అది అడగవలసిన ప్రశ్నలా తోచలేదు.

"నువ్వు గోతిలో ఉన్నావు గదా బాబూ," అంది.

తరవాత ఇసకను గెడ్డకు చేర్చాలి. గోతిలో దిగినవాళ్ళే మొయ్యాలంది పెద్దమ్మ. నేను మోశాను. దొర కూడా ఒక తట్ట మోశాడు. బావ వద్దని చెయ్యి అడ్డుపెడితే, "నేనును దిగితిని గదా," అన్నాడు. కోటు వేసుకున్న మనిషి తల మీద తట్ట పెట్టుకుని గెడ్డలోకి దిగడం ఆ వలసవాళ్ళు చూశారు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆవిడ చెప్పినట్టు చేస్తున్నాడు, అంతే. వెళ్ళేముందు బావతో ఒక మాట చెప్పి వెళ్ళాడు: ఇకమీదట సాయంత్రం గొయ్యిని ఊరివాళ్ళకు అప్పగించు, ఉదయం వాళ్ళు తిరిగి ఇచ్చాకే దిగు. బావ దాన్ని ఉద్యోగం ఉన్నంతకాలం పాటించాడు. ఆ నమ్మకం ఎవరూ ఎరగని ఊళ్ళలో కూడా, వంటవాడిని పంపి అరటి బోదె నరికించేవాడు. ఎందుకు బావా అంటే, "గోతికి ఏ ఊరో తెలుత్తాదేటి?" అనేవాడు.

రాయి మంచిదని దొర రాశాడు. అది నిజం కనుక అలాగే రాశాడు. తరవాత పెద్ద యుద్ధం వచ్చింది. కాగితాలు మద్రాసులోనో ఇంకెక్కడో ఆగిపోయాయి. కాని ఆ సంగతి వలసకే కాదు, మాకూ అప్పట్లో ఎవరూ చెప్పలేదు. మునిగే ఊరు కదా అని అక్కడ కొత్త ఇల్లు ఎవరూ కట్టలేదు, పాత ఇంటికి కొత్త తాటాకు కప్పలేదు. ఆ వలసకు పిల్లనిచ్చేవాళ్ళు తగ్గారు. నాయుడు మావ పెద్దమ్మతో మాట్లాడటం మానేశాడు. మాట్లాడినవాళ్ళు దెప్పడానికే మాట్లాడేవారు. ఒక తొలకరికి ఆవిడ గుమ్మం ముందు పనస మొక్క నాటితే, "ములిగిపోయే ఊల్లో మొక్కెందుకే?" అని నవ్వారట. "నీలొచ్చీదాకా నీడుంటాది," అందట. ఈ మాటలన్నీ బావ అటు వెళ్ళినప్పుడల్లా విని వచ్చి చెప్పేవాడు. చెప్పేటప్పుడు నవ్వించడానికే మొదలుపెట్టేవాడు.

యుద్ధం ముగిసిన చాలాకాలానికి ఆనకట్ట ఆలోచన మానుకున్నారని తెలిసింది. ఆ కబురు చెప్పడానికి బావా నేనూ కలిసి వెళ్ళాం. పెద్దమ్మ లేదు. రెండు వేసవుల క్రితమే పోయిందన్నారు. మధ్యాహ్నం పోయిందట. గొయ్యి తవ్వాక, సోంపేట వైపు ఉన్న కూతురు మర్నాటికి గాని చేరలేదని తెలిసింది. గొయ్యి ఆ రాత్రికి ఖాళీగా ఉండిపోతుంది. అప్పుడు నాయుడు మావ ఎవరికీ చెప్పకుండా లేచి, బోదె నరికి, ఆవిడ చీరే ఒకటి చుట్టి, గెడ్డ నుంచి ఇసక తనే మోసుకొచ్చాడట. పొద్దుగూకేలోపల మోయలేడేమోనని ఎవరో సాయం వస్తే రానివ్వలేదట. ఇది ఆయన చెప్పలేదు, ఆయన కోడలు చెప్పింది. మేం తెచ్చిన కబురు విని ఆయన, "అలగా," అన్నాడు. కాసేపటికి, "ముసిల్ది ఉంటే సెప్పీవోడిని," అన్నాడు. మేం వెళ్ళేటప్పుడు ఆవిడ నాటిన చెట్టు నుంచి పనసకాయ ఒకటి కోసి బావ భుజం మీద పెట్టాడు. పలాస దాకా బావ దాన్ని నా చేతికి ఇవ్వలేదు.

ఇప్పుడు నేను పింఛను తీసుకుంటున్నాను. ఆ కొండవాలు ఎలా ఉండేదో కళ్ళు మూసుకుంటే కనిపిస్తుంది. దాంతోపాటు, మర్యాద కాదని తెలిసినా, నా నది కూడా కనిపిస్తుంది: ఆ తుప్ప దగ్గర మలుపు, అవతల లోతు, ఇవతల రేవు. కర్ర పట్టుకుని ముందు నడుస్తున్న ఆ కుర్రవాడిని ఆపాలని ఇప్పుడు అనిపించదు. ఇంకాసేపు చెప్పనీ, జనం ఇంకాసేపు విననీ అనిపిస్తుంది. మొన్న ఒక ఆనకట్ట పని చూడటానికి పిలిస్తే వెళ్ళాను. యంత్రంతో జానెడు బెజ్జం వేసి, లోపలి రాయిని కడ్డీలా బయటికి తీస్తున్నారు. గోతులు కూడా అక్కడక్కడా తవ్వారు, మనిషి పొడవువే. ఐదు కాగానే పనివాళ్ళు లారీ ఎక్కారు. గోతులకు రాత్రిపూట ఇప్పుడెవరూ ఏమీ ఇవ్వరు.